ఎడమ సీటు మేడమ్ మూడు రేసులు

సుప్రజ కొన్న చెప్పులు మూడు నెలలకే అరిగిపోతాయి. అదీ కుడికాలిది మాత్రమే. ఎడమకాలిది అంగట్లోంచి తెచ్చినట్టే ఉంటుంది. చెప్పుల అంగడాయన "ఏం మేడమ్, ఒంటికాలితో నడస్తాండారా?" అని ప్రతిసారీ ఎగతాళి చేస్తాడు. ఆ కాలు చేసే పనేమిటో ఆయనకు తెలియదు పాపం, మోటారుసైకిల్ తప్ప ఆయన ఏమీ తోలలేదు. మదనపల్లెలో కారు నేర్చుకున్న వాళ్లలో మాత్రం తెలియనివాళ్లు తక్కువ.

ఆమెది డ్రైవింగ్ స్కూలు. స్కూలంటే పెద్ద హంగేమీ లేదు. ఒక గది, ఒక బల్ల, రోడ్డు గుర్తుల బొమ్మలున్న అట్ట, పన్నెండేళ్ల తెల్ల మారుతి కారు ఒకటి. నేర్చుకునేవాళ్లు కుడిపక్క స్టీరింగు ముందు కూర్చుంటారు. సుప్రజ ఎడమ సీట్లో కూర్చుంటుంది. ఆమె కాళ్ల దగ్గర కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు బిగించి ఉంటాయి. ఎదురుగా ఎద్దు వచ్చినా, ఆటో వచ్చినా, నేర్చుకునేవాళ్లు బిగుసుకుపోయి దేవుణ్ణి తలుచుకుంటున్నా ఆమె కుడికాలు బ్రేకు మీద పడుతుంది. ఆలోచించి తొక్కేది కాదు అది, దానంతట అదే పడిపోతుంది. పద్నాలుగేళ్లలో ఒక్క కోడిపిల్ల మీదికి కూడా బండి పోనివ్వలేదని ఆమెకు గొప్ప గర్వం. ఉండకూడదా మరి?

అలాంటి మనిషికి ముప్పై తొమ్మిదో ఏట రేసుల పిచ్చి పట్టించినవాడు మెకానిక్ ముద్దుకృష్ణ. ఏదో మోటారు క్లబ్బువాళ్లు అచ్చువేసిన కాగితం ఒకటి పట్టుకుని ఒకనాడు స్కూలుకు వచ్చాడు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, మూడు ఊళ్లలో మూడు ఆదివారాలు మట్టి ట్రాకు మీద కార్ల రేసులు. అందులో స్టాక్ క్లాసు అని ఒకటుంది. కంపెనీ నుంచి కారు ఎట్లా వచ్చిందో అట్లే ఉండాలి, ఇంజన్లో ఒక్క మర కూడా మార్చకూడదు. మొదటి ఏడాది తోలేవాళ్లకు విడిగా పోటీ పెట్టారు. మూడు రేసుల్లో కలిపి ఎవరికి ఎక్కువ పాయింట్లు వస్తే వాళ్లకు వచ్చే ఏడాదంతా కోయంబత్తూరు జట్టులో చోటు. కారు వాళ్లది, పెట్రోలు వాళ్లది, ట్రాకు వాళ్లది.

"పద్నాలుగేండ్లుగా ఊరందరి కార్లు తోలిస్తాండావు మేడమ్. నువ్వు ఒక్క పొద్దన్నా మనసారా తోలింది ఉండాదా?" అన్నాడు ముద్దుకృష్ణ.

ఆ మాట సుప్రజకు తగలరాని చోట తగిలింది. ఆమె కారు తోలేదంతా ఇంటినుంచి స్కూలుదాకా, స్కూలునుంచి ఇంటిదాకా. అదీ రెండో గేరులో. పక్కవాడి కాళ్లు కనిపెట్టుకుని కూర్చోవలసిన పని లేకుండా, తన ఇష్టానికి తాను, గాలి చెవుల్లో హోరెత్తేట్టు తోలాలని ఆమెకు ఎంత కోరికగా ఉందో ఆ పూటే తెలిసింది. ఆ చోటు తనకు కావాలి. అంతే, కావాలి.

ఇంట్లో మాత్రం రభస అయింది. అత్త ఆదిలక్ష్మమ్మ తలుపు దగ్గరే కూలబడి "ఉండేది ఒక్క కారు గదమ్మా! అది కూడుబెట్టే కారు. దాన్ని తీస్కపోయి మట్టిలో గుద్దిస్తావా?" అంది. భర్త గంగాధరం ఆర్టీవో ఆఫీసు ఎదురుగా జిరాక్స్ అంగడి నడుపుతాడు. నెమ్మదస్తుడే, కానీ ఒక్క మాట తెగేసి చెప్పాడు.

"పోతే పో. నేను వద్దనను. కానీ బండికి దెబ్బ తగిలిందా, ఇంగొక బండి మన వల్ల కాదు. స్కూలు మూసేసి నా పక్కన కుర్చీ ఏసుకోని జిరాక్సులు తియ్యాల. ఒప్పుకుంటావా?"

సుప్రజ ఒప్పుకుంది.

మొదటి రేసు మదనపల్లె అవతల అంగళ్లు అనే ఊరి దగ్గర బీడులో. పొద్దున్నే కార్లు తనిఖీ చేసే పెద్దమనిషి తెల్ల మారుతిలోకి తొంగిచూసి "ఇది స్టాక్ కారు కాదే" అన్నాడు. ఆయన ఎడమ సీటు కింద ఉన్న రెండో బ్రేకు, రెండో క్లచ్చు చూపించాడు. కంపెనీ ఏ కారుకైనా అవి పెట్టి పంపిస్తుందా? నిజమే గదా! ఇన్నేళ్లుగా అవి కారుకు పుట్టుకతో వచ్చినవే అన్నట్టు చూస్తూ ఆమె ఆ సంగతే మరిచిపోయింది. ముద్దుకృష్ణ నేల మీద వెల్లకిలా పడుకుని అరగంటలో రెండింటినీ విప్పి పక్కన పెట్టాడు. వెనక అద్దం మీది ఎర్రటి ఎల్ గుర్తు తీయడం మాత్రం ఇద్దరికీ గుర్తులేదు. అది చూసి కుర్రకారు పడీపడీ నవ్వారు.

నవ్వినవాళ్లలో ఉదయ్ కిరణ్ కూడా ఉన్నాడు. టమాటా మండీ రాజగోపాల్ కొడుకు, ఇరవై రెండేళ్లవాడు. రెండేళ్ల కిందట సుప్రజ దగ్గరే ఇరవై రెండు రోజులు కారు నేర్చుకున్నాడు. చురుకైనవాడు, మర్యాద తెలిసినవాడు, స్టీరింగు వాడి చేతిలో వెన్నలా తిరుగుతుంది. ఉన్నదల్లా ఒకటే లోపం. మలుపు ముందు వాడి కాలు యాక్సిలేటర్ మీంచి లేవదు. సుప్రజ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేది, వాడు తల ఊపేవాడు, మళ్లీ మలుపు రాగానే మామూలే. చివరికి ఆమె కాలే పడేది.

ఆ రోజు చీటీలు తీస్తే సుప్రజకు అందరికన్నా ముందు చోటు వచ్చింది. జెండా ఊపగానే కదిలింది, ఆ కదలడం కదలడం చివరిదాకా ఎవరికీ చిక్కలేదు. మట్టిలో కారును ఎక్కడ వదలాలో, ఎక్కడ పట్టాలో ఆమె చేతులకు బాగా తెలుసు. ముందు ఎవరూ లేరు, పక్కన ఎవరూ లేరు, కాలికి పనే పడలేదు. గీత దాటాక హెల్మెట్ తీసి చూస్తే ముద్దుకృష్ణ దుమ్ములో గంతులేస్తున్నాడు. మొదటి స్థానానికి పది పాయింట్లు. రెండో స్థానం ఉదయ్ కిరణ్‌ది, వాడికి ఏడు. ఆ రాత్రి అన్నం తింటూ గంగాధరం పళ్లెంలోంచి తల ఎత్తకుండానే "నువ్వు అంత బాగా తోలతావని నాకు తెలీదే" అన్నాడు. పెళ్లైన పదిహేడేళ్లలో ఆయన ఆమెను మెచ్చుకున్న సందర్భాలు చాలా తక్కువ.

మూడు వారాల తర్వాత పుంగనూరు. సోమల రోడ్డు పక్కన చదును చేసిన చేను. ఈసారి పోటీలో ఉన్న నాలుగు కార్లూ ఒకదాన్నొకటి రాసుకుంటాయేమో అన్నంత దగ్గరగా పరిగెత్తాయి. ఐదు చుట్లలో నాలుగు పూర్తయ్యేసరికి సుప్రజ ముందు, ఆమె వెనకే ఉదయ్ ఎర్ర కారు. చివరి మలుపు కుడివైపు తిరుగుతుంది. తిరగబోతుండగా లోపలి పక్కన, సరిగ్గా ఆమె తలుపు పక్కన, ఎర్ర కారు ముక్కు దూరింది. అంత వేగంతో ఆ మలుపులో రెండు కార్లు పట్టవు. ఎవరో ఒకరు తగ్గాలి. సుప్రజ కాలు బ్రేకు మీద పడింది.

ఉదయ్ దూసుకుపోయి గెలిచాడు. వాడికి పది, ఆమెకు ఏడు. ఇద్దరికీ లెక్క పదిహేడు దగ్గర నిలిచింది. ఇక కుప్పంలో ఎవరు ముందుంటే కోయంబత్తూరు వాళ్లది.

రేసయ్యాక వాడే వచ్చి, చల్లటి మజ్జిగ సీసా చేతిలో పెట్టి, కల్మషం లేకుండా నవ్వాడు.

"కోపం పెట్టుకోవద్దండి మేడమ్. మీరు బ్రేకు తొక్కతారని నాకు తెలుసు, అందుకే దూర్చినా."

"నీకెట్ల తెలుసప్పా?"

"నేర్చుకునేటప్పుడు గూడా మీరే కదా తొక్కతా ఉండింది!"

సుప్రజ మజ్జిగ సీసా మూత తీయకుండానే పక్కన పెట్టేసింది. ఓడిపోయినందుకు కాదు. వీడు ఇరవై రెండు రోజులు నేర్చుకున్నాడు, లైసెన్సు తీసుకున్నాడు, రెండేళ్లుగా రోడ్ల మీద తిరుగుతున్నాడు. మలుపులో బ్రేకు తొక్కడం మాత్రం ఈనాటికీ రాదు. నేర్పలేదు కాబట్టి రాదు. వాడు తొక్కవలసిన చోటల్లా తానే తొక్కేసింది, పైగా దాన్ని గర్వంగా చెప్పుకుంది. వీడొక్కడేనా? పద్నాలుగేళ్లుగా ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లంతా ఆ రోడ్ల మీదే తిరుగుతున్నారు.

కుప్పానికి ఇంకా మూడు వారాలుంది. ముద్దుకృష్ణ ఒక ఉపాయం చెప్పాడు. ప్లాట్లు వేసి వదిలేసిన ఖాళీ జాగాకు ఇద్దరూ పోయేవారు. అతను తన పాత వ్యాను తోలుకుని పక్కనుంచి ఆమె తలుపు మీదికి వస్తాడు, మూరెడు దూరంలో ఆపేస్తాడు, ఆమె కాలు కదలకూడదు. ఇరవైసార్లు వచ్చాడు. ఇరవైసార్లూ ఆమె కాలు బ్రేకు మీదే ఉంది. ఇరవై ఒకటోసారి అతనికి ఒళ్లు మండిపోయింది.

"ఏం మేడమ్, ఆ కాలు నీదేనా, అద్దెకు తెచ్చినావా? నా మాట ఇనకపోతే ఇనకపొయ్యె, నీ మాటన్నా ఇనాల కదా!"

సుప్రజకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. వారమంతా ఏ కాలు టక్కున పడితే నలుగురు క్షేమంగా ఇంటికి పోతారో, ఆదివారం అదే కాలు పడకుండా ఉండాలి. ఇదెక్కడి తద్దినం!

ఆ బాధలో ఒక తప్పు కూడా చేసింది. నీరుగట్టువారిపల్లెలో భవ్య అనే అమ్మాయికి కారు నేర్పుతోంది. ముందు టమాటా క్రేట్లు ఎత్తిన ఆటో ఒకటి ఆగి ఉంది. రేసు లేని సోమవారం కాబట్టి రెండో బ్రేకు మళ్లీ ఆమె కాలికిందే బిగించి ఉంది. ఈ పిల్ల తనకు తానే తొక్కుతుందా చూద్దాం, ఒక్క క్షణం ఆగుదాం అనుకుంది సుప్రజ. ఆగింది. భవ్య తొక్కలేదు. సుప్రజ కాలు పడేసరికి కారు మెల్లగా పోయి ఆటోను ముట్టుకుంది. రెండు క్రేట్లు కిందపడి రోడ్డంతా టమాటాలు దొర్లాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఆటో అతను మాత్రం నోటికొచ్చినట్టు తిట్టాడు. సుప్రజ రోడ్డు మీద కూర్చుని టమాటాలు ఏరింది. ముందు ఉన్నది ఆటో కాక బడికిపోయే పిల్లకాయలైతే?

ఆ సాయంత్రం ముద్దుకృష్ణకు ఫోన్ చేసి "నేను కుప్పం రానప్పా" అంది. అతను "సరే మేడమ్, శనివారం పెడళ్లు ఇప్పేదానికి వస్తా" అని పెట్టేశాడు. చెప్పింది వినబడలేదో, వినదలుచుకోలేదో! శనివారం నిజంగానే వచ్చి విప్పాడు. సుప్రజ అడ్డం చెప్పలేదు.

కుప్పం రేసు రామకుప్పం పోయే దారిలో, అడవికి కాస్త ఇవతల. మధ్యాహ్నమే అటవీ శాఖ వాళ్లు వచ్చి, ఐదింటికల్లా జనం ఖాళీ చేయాలని గట్టిగా చెప్పారు. ముందురోజు సాయంత్రం ఏనుగుల గుంపు రాగి చేలల్లోకి దిగిందట. దాంతో ఐదు చుట్ల రేసును మూడు చుట్లకు కుదించారు. మూడు చుట్లంటే ఊపిరి పీల్చుకునేంత వ్యవధి కూడా కాదు. ఏ తప్పు చేసినా సర్దుకోవడానికి చోటు లేదు. గంగాధరం కూడా అంగడి మూసి వచ్చాడు. రేసు మొదలయ్యేముందు కారు చుట్టూ ఒకసారి తిరిగి, తలుపులు నాలుగూ చేత్తో తడిమి, ఏమీ అనకుండా పోయి తాడుకు అవతల నిలబడ్డాడు. ఆయన ఏదైనా అని ఉంటే బాగుండేదని సుప్రజకు అనిపించింది.

జెండా దిగింది. మొదటి చుట్టులో ఉదయ్ ముందు. రెండో చుట్టులో వాడు ఒక మలుపు వెడల్పుగా తిప్పాడు, సుప్రజ లోపలినుంచి దూరి ముందుకు పోయింది. జనం కేకలు ఇంజన్ మోతలో కలిసిపోయాయి. హెల్మెట్ లోపల చెమట కళ్లల్లోకి కారుతోంది. అద్దంలో ఎర్ర కారు చిన్నగా ఉంది, పెద్దదయింది, అద్దమంతా అదే అయింది. చివరి చుట్టు, చివరి మలుపు. ఇక్కడా కుడివైపే.

వాడు వస్తాడని తెలుసు. వచ్చాడు. పుంగనూరులో లాగే, అదే సందులోకి, అదే వేగంతో. ఎర్ర కారు ముక్కు ఆమె తలుపు పక్కకు చేరింది. ఇద్దరి మధ్య జానెడు దూరం. తల తిప్పితే హెల్మెట్ అద్దం వెనక వాడి కళ్లు కూడా కనబడుతున్నాయి. వాడు ఆమె వైపు చూడటం లేదు. ఆమె తగ్గుతుందని వాడికి అనుమానమే లేదు.

సుప్రజ కుడికాలు లేవబోయింది. కారు, స్కూలు, తలుపులు తడిమిన గంగాధరం చేతులు, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. ఇప్పుడు తొక్కితే ఏ గొడవా లేదు. కారు భద్రంగా ఉంటుంది, వీడూ భద్రంగా ఉంటాడు, కోయంబత్తూరు మాత్రం వాడిదవుతుంది. తొక్కకపోతే ఏమవుతుందో దేవుడికే తెలియాలి. చెప్పులోపల వేళ్లు ముడుచుకుని, కాలిని యాక్సిలేటర్ మీదే అదిమిపెట్టి, హెల్మెట్ పగిలేట్టు అరిచింది.

"తొక్కప్పా! తొక్కు! బ్రేకు తొక్కు!"

పద్నాలుగేళ్లుగా రోజూ అరిచే మాటే. ఇంజన్ల మోతలో వాడికి వినబడే మాట కాదు. ఒక క్షణం గడిచింది. ఎర్ర కారు ఇంకా ఆమె పక్కనే ఉంది. ఇంకో క్షణం. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు ఎర్ర కారు ముక్కు ఒక్కసారి నేలకు వంగింది, చక్రాలు బిగుసుకున్నాయి, తోక తిరిగింది, దుమ్ములో గిర్రున రెండు చుట్లు తిరిగి పోయి పాత టైర్ల గోడకు కొట్టుకుంది. సుప్రజ గీత దాటింది. దాటిందని కూడా ఆమెకు తెలియలేదు. కారు ఆపి, తలుపు తీసి, హెల్మెట్‌తోనే వెనక్కి పరిగెత్తింది.

ఉదయ్ కారు దిగి టైర్ల మీద కూర్చుని ఉన్నాడు. వాడి ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు. వాడి కారు ముందు చక్రం మాత్రం పక్కకు వంగిపోయింది. ఆమెను చూసి హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. గంగాధరం వచ్చి తెల్ల కారు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. ఎక్కడా దెబ్బ లేదు. అప్పుడు భార్య దగ్గరికి వచ్చి, నలుగురూ చూస్తున్నారన్న సంగతే మరిచి, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

కప్పు ఇచ్చారు, ఫోటోలు తీశారు, కోయంబత్తూరు జట్టు పెద్దాయన వచ్చి చెయ్యి కలిపాడు. సుప్రజ అన్నిటికీ నవ్వింది. కళ్లు మాత్రం టైర్ల వైపే పోతున్నాయి. ఉదయ్ స్నేహితులు వంగిన కారును పికప్ మీదికి ఎక్కించారు. ఇంకో కారు తెచ్చాం, నువ్వు తోలుకుని రా అంటే వాడు వెనక్కి వెనక్కి జరిగి మళ్లీ టైర్ల మీదే కూలబడ్డాడు.

"నా వల్ల కాదు. నేనింగ స్టీరింగు ముట్టను."

నేర్చుకునేటప్పుడు గుద్దినవాణ్ణి ఆ పూటే మళ్లీ స్టీరింగు ముందు కూర్చోబెట్టాలి. తెల్లారేదాకా ఆగితే ఆ భయం జన్మలో పోదు. ఇది సుప్రజ ఎక్కడా చదువుకున్నది కాదు, స్కూలు నడిపి తెలుసుకున్నది. గంగాధరాన్ని ముద్దుకృష్ణ వ్యానులో ఎక్కించి పంపేసింది. తెల్ల మారుతి తాళాలు ఉదయ్ ఒళ్లో పడేసి, ఎడమ తలుపు తీసి, పెడళ్లు విప్పేసిన సీట్లో తాను కూర్చుంది.

"రాప్పా. మదనపల్లెదాకా నువ్వే తోలాల."

"వద్దు మేడమ్..."

"ఏనుగులొచ్చే యాళాయె. ఈడే కూర్చోని వాటికి ఏం సమాధానం సెప్తావు? లెయ్."

వాడు లేచాడు. రామకుప్పం రోడ్డు దాటి, వి.కోట దాటి, పలమనేరు వైపు తిరిగేదాకా కారు నలభై దాటలేదు. ప్రతి మలుపు ముందూ వాడి కాలు యాక్సిలేటర్ మీంచి లేచి బ్రేకు మీదికి పోతోంది. కావలసినదానికన్నా చాలా ముందే పోతోంది. పుంగనూరు దగ్గరపడుతుండగా గొర్రెల మంద ఒకటి రోడ్డు దాటింది. వాడు దూరంనుంచే తగ్గించి, ఆపి, చివరి గొర్రె దాటేదాకా ఓపిగ్గా కూర్చున్నాడు. అప్పుడు అడిగాడు.

"మేడమ్, ఒకటడగాలి. నేను బ్రేకు తొక్కతానని మీకు ఎట్ల నమ్మకం కలిగింది?"

అబద్ధం చెప్పడం చాలా తేలిక. నేర్పింది నేనే గదా, నాకు తెలియదా నీ సంగతి అంటే సరిపోయేది. వాడి మొహం వెలిగిపోయేది. ఆమెకు కూడా రాత్రి నిద్ర పట్టేది. కానీ సుప్రజ వాడి వైపు తిరిగింది.

"నమ్మకం లేదప్పా. నువ్వు తొక్కవనే అనుకుంటి. ఇద్దరం సస్తామేమో అనుకుంటి. అయినా కాలు ఎత్తలే. నాకు గెలవాలని ఉండింది."

గొర్రెల కాపరి చెయ్యెత్తి పొమ్మని సైగ చేశాడు. ఉదయ్ కారు కదపలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి ఖాళీ అయిన రోడ్డు వైపే చూస్తూ ఉండిపోయాడు. సుప్రజకు కన్నీళ్లు ఆగలేదు. వాటిని తుడుచుకోనూ లేదు. వాడు తిట్టినా పడదామనుకుంది. దిగి బస్సుకు పోతానన్నా ఆపకూడదనుకుంది.

"మా అమ్మకు మాత్రం సెప్పొద్దండి మేడమ్" అన్నాడు చివరికి. "నేను రేసులకు పోతే మీరుండారని ధైర్యంగా ఉండాది ఆమె."

వాడు గేరు వేశాడు. సుప్రజ కాళ్లు రెండూ సీటు మీదికి ముడుచుకుని కూర్చుంది.